దొర పేరున ఒక సంగం

ఆ ఉదయం అప్పలలక్ష్మి తన ఇడ్లీ బండిని ఓడరేవు డాక్ గేటు వైపు తోయలేదు. ఎదురు దిక్కుకు తిప్పి, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల గేటు ముందు ఆపింది. రోజూ ఇడ్లీ పాత్ర పెట్టే చోట గోనెసంచి కప్పిన కుక్క శవం ఉంది. తోక కొస సంచి కిందనుంచి బయటికొచ్చి, బండి కుదిపినప్పుడల్లా ఊగుతోంది.

“రేపు ఈ బండి మీద ఎవుడు తింటాడే?” అన్నాడు వెనకాలే వస్తున్న మొగుడు గవరయ్య. డాకులో క్రేను కింద నిలబడి చేతులూపుతూ సిగ్నల్ ఇచ్చే పని అతనిది. ఇవాళ ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీ అంచుని నలుపుతున్నాడు.

“తినకపోతే మానీమను. నువ్వు గమ్మునుండు.”

“మాషీ, ఇక్కడ బండి పెట్టకూడదు” అని బంగ్లా భాషలో పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ వచ్చిన వాచ్‌మన్ సంచి పైకెత్తి చూసి వెనక్కి తగ్గాడు. ఆ కుక్క అతనికీ తెలిసిందే. దాని పేరు దొర. ఓడల మీంచి దిగే ఆఫీసర్లు ఎవర్నీ లెక్కచేయకుండా నడిచినట్టు రోడ్డు మధ్యనే నడుస్తుందని ఆ పేరు పెట్టింది గవరయ్య. డాకు పక్కనున్న ఈ ఏక్‌బాల్‌పూర్లో కంటైనర్ లారీలు మనుషుల కోసం ఆగవు గానీ, దొర కోసం ఆగేవి.

మొన్న ఈ అపార్ట్‌మెంట్లవాళ్ళు పిలిపించిన వ్యాను ఒకటి వచ్చి వీధిలో కుక్కలన్నిటినీ ఎక్కించుకుపోయింది. ఆపరేషన్లకీ, టీకాలకీ అన్నారు. మంచి పనే కదా అని అప్పలలక్ష్మి నమ్మింది. నిన్న సాయంత్రం బడ్జ్ బడ్జ్ ఊళ్ళో జూట్‌మిల్లు కూలీల ఇళ్ళ లైన్లో ఉండే వదిన నారాయణమ్మ ఫోన్ చేసింది. “మీ ఈదికుక్కల్లాటివి ఇక్కడ ఆయిల్ డిపో గోడవార తిరుగుతున్నాయే. ఇక్కడి కుక్కలు ఈటిని బతకనిచ్చీలాగ నేవు” అంది. తెల్లారగానే మరిది సామాన్ల ఆటో తీసుకుని మొగుడూ పెళ్ళాం బయల్దేరారు.

డిపో గోడ దగ్గర నిలబడి అప్పలలక్ష్మి “ఆరియా! ఆరియా!” అని గొంతు చించుకుని అరిచింది. క్రేను కొక్కేన్ని కిందికి దించమని డాకులో వేసే కేక అది. అన్నం గిన్నె కింద పెడుతూ గవరయ్య సరదాకి ఆ కేక వేయడం మొదలుపెడితే, వీధికుక్కలకి అదే అన్నం పిలుపైపోయింది. పొదల్లోంచి, పైపుల కిందనుంచి ఒక్కొక్కటే కుంటుకుంటూ వచ్చాయి. ఒంటినిండా గాట్లు. దొర మాత్రం రాలేదు. వెతగ్గా వెతగ్గా రోడ్డు పక్క కాలవలో దొరికింది. మెడ చుట్టూ తాడు ఒరుసుకుపోయి చర్మం ఊడింది. బతికినవాటితో పాటు దొర శవాన్నీ ఆటోలోనే తిరిగి వీధికి తెచ్చారు.

అపార్ట్‌మెంట్ల సెక్రటరీ సోమశేఖర్ వచ్చేసరికి గేటు దగ్గర జనం చేరారు. పోర్టుకి సంబంధించిన ఏదో పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం ఆయనది. ఇస్త్రీ నలగని లాల్చీ వేసుకున్నాడు. అప్పలలక్ష్మి మొగుడితో మాట్లాడటం విని మొహం విప్పార్చుకున్నాడు.

“మీరు తెలుగువాళ్ళా! ముందే చెప్పొద్దా అమ్మా?”

ముందే చెప్పుంటే దొర బతికేదన్నట్టుంది ఆ మాట. అప్పలలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏటి బాబూ, ఈ కుక్కకి ఆపరేషన్ సేయించినారా?”

“చేయించమనే చెప్పాం. కాంట్రాక్టర్ ఏం చేశాడో మాకెలా తెలుస్తుంది?”

ఆమె సంచి తీసి దొర తలని రెండు చేతులతో ఎత్తింది. “ఆపరేషన్ సేసిన కుక్కకి సెవి కొస కత్తిరిస్తారు. ఇదిగో సెవి, సూడండి. మిగతావోటి సెవులూ ఇలగే ఉన్నాయి. టీకా నేదు, ఆపరేషన్ నేదు. ఎత్తుకెళ్ళి పరాయి ఊర్లో పారీసినారు.”

“చూడమ్మా, ఇక్కడ పిల్లలున్నారు. మొన్నామధ్య ఒకావిణ్ణి కుక్కలు వెంటపడి తరిమాయి. మేం మాత్రం ఏం చేస్తాం? అయినా మనవాళ్ళం మనం ఇలా పదిమందిలో గొడవపడితే ఏం బాగుంటుంది?” ఆయన గొంతు తగ్గించాడు. “కావాలంటే మంచి జాతి కుక్కపిల్లని తెప్పించి ఇస్తాం.”

“మా కుక్కని సంపీసినాక మనవోలమైపోనామేటి?” అంది అప్పలలక్ష్మి. ఇంకా ఏవేవో అనాలని ఉంది.  సంచి కప్పేసి బండి తిప్పింది. వెనకాల ఎవరో నీళ్ళు చల్లి కడగమని వాచ్‌మన్‌కి బంగ్లా భాషలో చెప్తున్నారు.

దొరని పోర్టు రైలుపట్టాల పక్కన పాతిపెట్టారు. గవరయ్య గొయ్యి తవ్వాడు, ఆమె ఉప్పు చల్లింది.

మూడోరోజున మనిషికి చేసినట్టే చిన్నదినం చేసింది అప్పలలక్ష్మి. వీధిలో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వనీ అనుకుంది. దొరకి ఇష్టమైన ఎండునెత్తళ్ళు వేయించి, అన్నంలో కలిపి, పట్టాల పక్కన ఆకులో పెట్టింది. కాకి వాలేలోపే బడ్జ్ బడ్జ్ నుంచి తిరిగొచ్చిన కుక్కలు వచ్చి ఆకుతో సహా నాకేశాయి. ఆమె వాటిని తోలలేదు. దొరకి ఇంతకంటే దగ్గర చుట్టాలెవరని అనిపించింది.

అప్పుడే వచ్చింది ఇంద్రజ. ఆ అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే పిల్ల. వరంగల్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నే బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిని పోతుండేది. ఇవాళ దూరంగానే ఆగిపోయింది.

“అక్కా, నేను ఆరోజు బాల్కనీలకెళ్ళి చూసిన. వాటిని వ్యాన్ల ఎక్కిస్తున్నరు. టీకాలకే గదా అనుకున్న. ఒక్క మాట అడగలే.”

“నానూ అడగనేదమ్మా. అడగాల్సినదాన్ని నాను.”

ఇంద్రజ ఫోన్లో ఏదో తీసి చూపించింది. వీధికుక్కలకి ఆపరేషన్ చేయొచ్చట, టీకా వేయొచ్చట గానీ, వాటి వీధి నుంచి వెళ్ళగొట్టడానికి ఎవరికీ హక్కు లేదట. అలా చేస్తే నేరమట. అప్పలలక్ష్మికి ఆ అక్షరాలు రావు. కానీ విన్నకొద్దీ ఒళ్ళు మండింది. ఇంత రూలు పెట్టుకుని, ఇంత చదువుకున్నవాళ్ళుండి, దొరని కాలవలో పడేశారు.

“సంగం పెడతాను. మన ఈది క్లబ్బుల్లాటిది. దొర పేరున” అంది. “పోయింది ఎలాగా తిరిగి రాదు. ఉన్న ఈటినైనా ఈ ఈదిలోంచి కదలనిచ్చీది నేదు. ఎవడొస్తాడో రానీ.”

“కుక్కలకి సంగమేటే?” అన్నాడు గవరయ్య.

“మనుసులకున్నాయి గదా. ఏటి ఊడబొడిసినాయి?”

ఇంద్రజ నవ్వి, ఫోన్లో ఒక మెసేజీల గుంపు తెరిచింది. దొర యానిమల్ రెస్క్యూ అని పేరు పెడదామంది. “ఆ పేరు నా నోటికి తిరగదు. దొర సంగం అను, సాలు” అంది అప్పలలక్ష్మి. అలాగే పెట్టింది.

ఆ సాయంత్రమే సంఘం తొలి పని జరిగింది. గవరయ్య ఎవరూ అడగకుండానే తన పాత డాక్ జాకెట్టు తెచ్చి నేల మీద పరిచాడు. నారింజ రంగు గుడ్డ, దాని మీద వెలుగు పడితే తళుక్కుమనే పట్టీలు. చీకట్లో లారీ డ్రైవరుకి కనబడాలని డాకు మనుషులు వేసుకునేది. కత్తెరతో పట్టీలు కోస్తుంటే ఆమె వాటిని మడిచి, రెండు పేటల దారంతో మెడపట్టీలు కుట్టింది. ప్రతిదాని లోపల రెండు వేళ్ళు దూర్చి, బిగుతుగా లేదని చూసుకుని మరీ ముడి వేసింది. దొర మెడ ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఇంద్రజ కుక్కల్ని ఒక్కొక్కటే పట్టుకుంది. మంగ అనే ముసలి ఆడకుక్క మాత్రం పట్టీ కడుతుంటే ఆ పిల్ల ఒళ్ళోనే నిద్రపోయింది.

ఇంద్రజ దొర ఫోటోతో పాటు జరిగిందంతా అపార్ట్‌మెంట్ల గుంపులో రాసింది. రాత్రికి రాత్రి అది ఎక్కడెక్కడికో పాకింది. భవానీపూర్ నుంచి, ఇంకా అవతల నుంచి ఎవరెవరో దొర సంఘంలో చేరుతామన్నారు. ఇది ఎవరి పని అని కొందరు అపార్ట్‌మెంట్ల పేరు పెట్టి అడిగారు.

మర్నాడు పొద్దున్నే సోమశేఖర్ స్వయంగా డాక్ గేటు దగ్గరికి వచ్చాడు. లారీ డ్రైవర్ల పక్కన నిలబడి, ఆకులో ఇడ్లీ పెట్టించుకుని, చట్నీ రెండుసార్లు వేయించుకున్నాడు.

“మా విశాఖ ఇడ్లీ గుర్తొచ్చిందమ్మా. ఆరోజు మిమ్మల్ని నొప్పించాను, మనసులో పెట్టుకోవద్దు. మా కమిటీలో మాట్లాడాను. దొర సంఘాన్ని ఆదివారం మా గేటు ముందే ప్రారంభిద్దాం. ప్రెసిడెంటు మీరే. ఒక అంబులెన్స్ కూడా ఏర్పాటు చేశాం, దొర పేరుతోనే. ముందుగా కుక్కలన్నిటికీ టీకాల క్యాంపు. పొద్దున తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి మీ వీధిలో దించేస్తారు.”

అప్పలలక్ష్మి పాత్రలోంచి ఇడ్లీ రేకు పైకి తీసి, తడిగుడ్డ మీంచి ఇడ్లీల్ని ఊడదీస్తూ ఉండిపోయింది. నమ్మాలని లేదు. కానీ తప్పు చేసినవాడు బండి దగ్గరికొచ్చి నిలబడి ఒప్పుకుంటుంటే ఇంకా ఏం చేయమని అడగాలో తోచలేదు. పైగా ప్రెసిడెంటు అన్న మాట చెవిలో తియ్యగానే పడింది. ఆ సంగతి తరవాత తల్చుకున్నప్పుడల్లా ఆమెకి తన చెవి తనే మెలేసుకోవాలనిపించేది.

“మల్లీ మోసం సేయరు గదా బాబూ?”

“ఎంత మాట! మీ చేతి తిండి తిన్నాను” అన్నాడు సోమశేఖర్.

ఆదివారం గేటు ముందు షామియానా వేశారు. దొర ఫోటోని పెద్దది చేయించి, కుర్చీలో పెట్టి, రజనీగంధ దండ వేశారు. బేనరు మీద బంగ్లాలో, ఇంగ్లీషులో అప్పలలక్ష్మి పేరుంది. మనవైపు వాళ్ళు చదవగలిగేలా కింద తెలుగులో కూడా రాయించానని సోమశేఖర్ చూపించాడు. ఆమె పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టుకుంది. గవరయ్య తలకి నూనె రాసుకుని, పాపిడి తీసి వచ్చాడు. పై అంతస్తుల వాళ్ళు కూడా దిగి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళలో కొందరు దొర ఫోటో ముందు చేతులు జోడించారు. ఉన్నన్నాళ్ళూ దాన్ని రాళ్ళతో కొట్టించిన ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది. అప్పలలక్ష్మి అటునుంచి చూపు తిప్పేసుకుంది.

వ్యాను వచ్చింది. ఒంటికి కొత్త తెల్ల రంగు, దాని మీద కుక్క పాదం బొమ్మ, దొర పేరు. కుక్కలు దూరంగానే నిలబడి వాసన చూస్తున్నాయి, దగ్గరికి రావడం లేదు. సోమశేఖర్ ఆమె వైపు చూసి నవ్వాడు.

“ప్రెసిడెంటుగారే పిలవాలి.”

ఆమె వ్యాను వెనక తలుపు దగ్గర నిలబడి “ఆరియా!” అంది. ఒకటి కదిలింది. మళ్ళీ పిలిచింది. మెడల్లో నారింజ పట్టీలతో అన్నీ వచ్చాయి. ఆమె గొంతు విన్నాక వాటికి అనుమానం ఎందుకుంటుంది? ఒక్కొక్కటే వ్యానులోకి దూకి, లోపల పెట్టిన బిస్కట్లు తిన్నాయి. మంగ ఎగరలేకపోతే ఆమే ఎత్తి లోపల పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. సోమశేఖర్ మైకు అందుకుని మూగజీవాల పట్ల మన బాధ్యత గురించి బంగ్లాలో మొదలుపెట్టాడు.

డ్రైవరుకి ఏమైనా పెట్టారో లేదోనని అప్పలలక్ష్మి రెండు లడ్డూలు తీసుకుని వ్యాను ముందువైపుకి వెళ్ళింది. అతను మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. ముంజేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. పక్కనుంచి చూసి పోల్చుకుంది.

“నువ్వు సోములు కొడుకు ఎంకటేశువి గాదేటి? మీరు బడ్జ్ బడ్జ్ ఎల్లిపోనాక మల్లీ అగుపడనేదు. ఆ సెయ్యేటైంది?”

“కుక్క కరిసింది అత్తా.”

“అయ్యో! ఇంజక్షన్లు ఏయించుకున్నావా? అశ్రద్ధ సేయకూడదురా నాయనా.”

వెంకటేశు లడ్డూలు చేతిలో పట్టుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. 

“ఏయించుకున్నాను. మీదే కరిసింది అత్తా. దొర.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

“మొన్నొచ్చింది కూడా ఈ బండే. రంగేసినారు. మా నాన్న డాకులో కూసేవోడు గదా, ఈ ఈదిలో కుక్కలు ఆ కేకకి వస్తాయని తెలుసు, అలగే ఆరియా అని పిలిసినాను. అన్నీ వచ్చీసినాయి. అదొక్కటే రానేదు. తాడేసి లాగాల్సొచ్చింది.” లడ్డూలు పక్క సీటు మీద పెట్టేశాడు. “నాకు ఏరే పని నేదత్తా.”

మైకులో సోమశేఖర్ దొర విశ్వాసం గురించి చెప్తున్నాడు. జనం నిశ్శబ్దంగా వింటున్నారు.

“ఇప్పుడు ఈటిని ఎక్కడికి తోలుకెల్తావు?” అని అడిగింది అప్పలలక్ష్మి. ఎక్కడికో ఆమెకి తెలిసిపోయింది. అయినా అడిగింది.

“ఈసారి గంగ దాటించీమన్నారు. అవతల గట్టున వొగ్గీమన్నారు, తిరిగి రాకుండా.”

 వాళ్ళు తాడు తేలేదు ఈసారి. తాడెందుకు? తనున్నది. తన నోటితో పిలిచి, తన చేతులతో ఎత్తి, దొర పేరున్న బండిలోకే ఎక్కించింది. అంతమంది మోసం చేసినందుకంటే, తన గొంతునే తాడు చేసుకున్నందుకు ఆమెకి ఎక్కువ కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట కూడా కోపమే వచ్చింది.

వెనక్కి వెళ్ళి, తలుపు గడియ లాగి, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వ్యాను ఎక్కింది.

“దిగండే. దిగండి” అంది కుక్కలతో. అవి దిగలేదు. రమ్మన్నది ఆమే, ఆమె కూడా వచ్చేసింది, ఇంకెక్కడికి పోవాలి? అన్నీ ఆమె కాళ్ళ చుట్టూ చేరి తోకలు ఊపాయి. దగ్గరున్నదాన్ని పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తి తలుపు దగ్గరికి తెచ్చింది. కింద గవరయ్య ఉన్నాడు. మొగుడికి కుక్కని అందించింది. అతను ఏమిటని అడక్కుండా అందుకున్నాడు. రెండోదాన్ని దించేసరికి ఇంద్రజ కుర్చీల మధ్యనుంచి తోసుకుంటూ వచ్చి చేతులు చాపింది.

సోమశేఖర్ ప్రసంగం ఆగిపోయింది. మైకు అక్కడే వదిలేసి వచ్చాడు.

“ఏంటమ్మా ఇది? అందరూ చూస్తున్నారు.”

“సూడనీయండి. అందుకే గదా పిలిసినారు.” ఆమె వ్యాను అంచున నిలబడి కుర్చీల వైపు తిరిగింది. వచ్చిన హిందీ, వచ్చిన బంగ్లా, తెలుగు అన్నీ కలిపి అరిచింది. “మొన్న దొరని తాడేసి లాగింది ఈ బండే. ఇప్పుడు ఈటిని గంగ అవతల పారీమన్నారు. నమ్మకపోతే ఈ డ్రైవర్ని అడగండి. టీకాలని నాకు సెప్పినారు. నా సేతే పిలిపించినారు!”

ఇంద్రజ అదే మాటని ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది, ఇంకా గట్టిగా. అందరూ వ్యాను ముందువైపు చూశారు. వెంకటేశు కాదనొచ్చు. ఇంజను ఆపి, కిందికి దిగి, కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “అవును. నిజమే” అన్నాడు బంగ్లాలో.

ఎవరో కుర్చీ వెనక్కి తోసి లేచారు. సోమశేఖర్ అటూ ఇటూ చూశాడు. “అది కాదు... ఒక షెల్టర్ ఆలోచన ఉంది... కమిటీ అంతా కలిసి తీసుకున్న నిర్ణయమే...” అన్నాడు. ఆ నిర్ణయం తమకి తెలియదని కుర్చీల్లోంచి రెండు మూడు గొంతులు ఒకేసారి లేచాయి. మిగిలిన కొందరు కళ్ళు దించుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి.

ఆయన అప్పలలక్ష్మి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “దిగండమ్మా. లోపల కూర్చుని మాట్లాడుకుందాం. సంఘం పరువు పోతుంది.”

“సంగానికి ప్రెసిడెంటు ఎవులు బాబూ?”

ఆయన బేనరు వైపు చూశాడు.

“బేనర్ మీద నా పేరేయించింది మీరే గదా. మరైతే నాను సెప్పినట్టే జరగాల.”

కుక్కలు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. గవరయ్యా, ఇంద్రజా రెండు చేతులా అందుకుని అవతల దించి వస్తున్నారు. వెంకటేశు కూడా మంచి చెయ్యి చాపాడు గానీ, ఒంటిచేత్తో పని కాలేదు. చివరికి మంగ మిగిలింది. అప్పలలక్ష్మి దాన్ని ఎత్తుకుని అంచుకి వచ్చేసరికి కింద ఎదురుగా సోమశేఖర్ ఒక్కడే ఉన్నాడు.

“పట్టుకోండి” అంది.

అంటూనే అందించేసింది. ఆయన చేతులు వాటంతటవే పైకి లేచాయి. ముసలి కుక్క తెల్ల లాల్చీ మీద వాలి, నాలుగు కాళ్ళూ వేలాడేసి, ఆయన మెడ దగ్గర ఊపిరి వదిలింది. అంతమంది చూస్తుండగా కింద పడేయలేడు. పట్టుకోవడం కూడా చేతకావడం లేదు. ఒక చెయ్యి దాని పొట్ట కిందికి తెచ్చుకున్నాడు. మంగ కళ్ళు మూసుకుంది.

“దీన్ని... ఎక్కడ దించమంటారు?” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

“ఎక్కడ ఎక్కించుకున్నారో అక్కడే.”

ఆయన నెమ్మదిగా వంగి, తన గేటు ముందే మంగని కాళ్ళ మీద నిలబెట్టాడు.